రంగూను చేప మేత ముట్టదు

కమరున్నీసా తివాచీ ముక్కతో కుట్టిన సంచిని మంచం మీద దులిపి, కోడలి బట్టలు ఒక్కొక్కటే సర్దడం మొదలుపెట్టింది. అడుగున మెత్తబడ్డ పాత చీరలు పెట్టింది. పురిటికి వెళ్ళే పిల్లకి కొత్త చీర ఒకటుంటే చాలు, పాతవి ఎన్ని ఉన్నా చాలవు. వాటి మీద బిడ్డకి చుట్టే నూలు గుడ్డలు, శొంఠి పొట్లం, సాంబ్రాణి. రేపు పొద్దున సాజిదా అన్న బాషా ఆకివీడు నుంచి పడవ తీసుకుని ఏలూరు కాలువ గట్టుకు వస్తాడు. చెల్లెల్ని పుట్టింటికి తీసుకుపోతాడు. ఈ స్థితిలో ఉన్న పిల్లని అతని చేతిలో ఏ ముఖంతో పెట్టడం? ఆ ఒక్క ప్రశ్నే ముసలామె గుండెల్లో రాయిలా కూర్చుంది.

కిందటి వారం మనం ఈ ఇంటి గడప దగ్గర ఆగిపోయినప్పుడు సుభాని భుజాన మూట వేసుకుని, రంగూను ఓడ కోసం కాకినాడ బయలుదేరుతున్నాడు. అక్కడ బియ్యం మిల్లులో అతను మేస్త్రీ. వెళ్తూ వెళ్తూ, తాను రంగూను నుంచి తెచ్చిన చేపని కడుపుతో ఉన్న భార్యకి చూపించి, "నేనొచ్చేదాకా దీన్ని బతికించు సాజిదా" అన్నాడు. అతను నవ్వుతూనే అన్నాడు. సాజిదా నవ్వలేదు.

ఆ చేప బొటనవేలికి మించి పొడుగుండదు. ఒళ్ళు నెమలి మెడ రంగు, రెక్కలూ తోకా నీళ్ళలో పరిచిన పట్టు కొంగులా ఉంటాయి. మన వైపు కోళ్ళని పెంచినట్టు అక్కడ ఈ చేపల్ని పందేలకి పెంచుతారని సుభాని చెప్పాడు. కొట్లలో బిస్కట్లు పోసుకునే గాజు సీసాలో, కిటికీ గూట్లో అది రాజాలా ఉండేది. సుభాని వెళ్ళిన దగ్గర్నుంచి మేత ముట్టడం మానేసింది. అది మానేసిన దగ్గర్నుంచి సాజిదా కూడా మానేసింది.

ఏం పెట్టలేదు కనక! మెతుకులు వేశారు. ఉడికిన గుడ్డు పచ్చసొన చిదిపి వేశారు. ఈగల్ని కొట్టి వేశారు, చీమల గుడ్లు తెచ్చి వేశారు, వానకి పెరట్లో నిండిన తొట్టెలోంచి దోమపిల్లల్ని గుడ్డతో వడకట్టి మరీ వేశారు. చేప వాటిని చూసి మూతి తిప్పుకునేది. ఇక నీళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు. కాలువ నీళ్ళు మురికిగా ఉంటాయని, కుండలో చిల్లగింజ గంధంలా అరగదీసి కలిపి, మురికి అడుక్కి దిగాక పైన తేరిన నీళ్ళు ఇంట్లో మనుషులకి ఎలా ఇస్తారో అలాగే చేపకీ పోసింది కమరున్నీసా. అది డీలాపడ్డ కొద్దీ ఇంకా తేటగా తేర్చి, పూటపూటకీ మార్చింది.

పక్కింటి వెంకటనరసమ్మని సలహా అడిగితే ఆవిడ బుగ్గ నొక్కుకుంది. "కొల్లేటి గాలి పీల్చి పెరిగినదాన్ని, చేపని ఎలా తినాలో అడగండి, తెల్లారేదాకా చెప్తాను. చేపకి ఏం తినిపించాలో నన్నడుగుతారేంటండీ బీబమ్మగారూ!" అని నవ్వింది. నవ్వుతూనే లోపలికి తొంగిచూసి, గోడకి చేరగిలబడి ఉన్న సాజిదాని చూసి, గొంతు తగ్గించింది. "చేప పోతే పోయిందండి. ఈ పిల్ల ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఏడో నెలలో ఇలా ఉంటే కాన్పు తట్టుకోలేదు. మా చెల్లెలు ఇలాగే..." అని ఆపేసింది. ఆపేసిన మాటే కమరున్నీసాని నిద్రపోనివ్వలేదు.

సంచిలో చివరగా పెట్టడానికి సాజిదా పెట్టె తెరిస్తే, రుమాలులో చుట్టిన గాజులు కనిపించాయి. ఎర్రవి, పెళ్ళినాటివి. కమరున్నీసా ఉలిక్కిపడి కోడలి చేతుల వైపు చూసింది. బోసిగా ఉన్నాయి.

"ఇదేంటే తల్లీ! మొగుడు సముద్రం మీద ఉండగా, కడుపుతో ఉన్నదానివి గాజులు తీసి పెట్టెలో పెడతావా?"

"చేతులు చిక్కిపోయాయి అత్తమ్మా. జారిపోతున్నాయండి."

"తింటే జారవు. ఇంత గంజి తాగు. నా బంగారు తల్లివి కదూ."

"అది తిననీండి. అది తిన్నాక నేనూ తింటాను" అంది సాజిదా, కిటికీ గూటి వైపు చూస్తూ. అదే మాట. తిట్టినా, బతిమాలినా, కాళ్ళు పట్టుకుంటానన్నా అదే మాట.

కమరున్నీసా గాజుల మూట పక్కన పెట్టి లేచింది. ఆమెకి ఒక్క దారే మిగిలింది. సుభానితో పాటు అదే ఓడలో రంగూను నుంచి తిరిగొచ్చిన ఏసోబు అనే మనిషి తాడేపల్లిగూడెంలో ఉన్నాడు. మిల్లులో మోకాలు విరిగి, ఇక అక్కడ పని చేయలేక ఇంటికి చేరుకున్నాడు. సముద్రం మీద ఉన్నన్నాళ్ళూ చేప సీసా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది తానేనని, సుభానికి వాంతులతోనే సరిపోయిందని, ఏలూరు స్టేషన్లో నవ్వుతూ చెప్పాడు. అది ఏం తింటుందో అతనికి తెలిసి ఉండాలి. ఎన్నడూ ఒంటరిగా రైలెక్కని మనిషి, కోడల్ని వెంకటనరసమ్మకి అప్పగించి, ముసుగు సర్దుకుని, పొద్దుటి పాసింజరులో ఆడవాళ్ళ పెట్టె ఎక్కింది.

ఏసోబు ఇల్లు స్టేషనుకి అవతల, చర్చి వెనక వీధిలో ఉంది. అతను అరుగు మీద కాలు చాపుకుని వలకి ముడులు వేస్తున్నాడు. అతని భార్య హన్నమ్మ చేట ముందు పెట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ముసలామెని చూడగానే ఏసోబు కర్ర పట్టుకుని లేవబోయాడు.

"సుభాని అమ్మగారా! ఇంత దూరం మీరెందుకండీ రావడం, కబురు పంపితే మేమే..."

"కూర్చో నాయనా, లేవకు. చేప తినడం లేదు. దాన్ని ఎలా బతికించాలో చెప్పు" అంది కమరున్నీసా, మంచినీళ్ళు కూడా తాగకుండా.

ఏసోబు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. "ఓస్, అదాండి. ముందు నీళ్ళ సంగతి చెప్పండి. ఏం నీళ్ళు పోస్తున్నారు?"

ఆమె చెప్పింది. చిల్లగింజ మాట వినగానే అతను నాలుక కరుచుకున్నాడు. "అయ్యయ్యో! అది తేట నీళ్ళలో ఉండదండి. ఎండిన బాదం ఆకులు వేసి మరిగించి, చల్లారిన కషాయం నీళ్ళలో కలపాలండి. నీళ్ళు టీ రంగుకి తిరిగితేనే దానికి ప్రాణం కుదుటపడుద్ది. మీరు ప్రేమకొద్దీ మంచినీళ్ళు పోసేరు, అది పాపం వెలుగులో బట్టల్లేనట్టు సిగ్గుపడి చచ్చిపోతంది."

హన్నమ్మ అప్పటికే లేచి దొడ్లో రాలిన బాదం ఆకులు ఏరి తెచ్చి, ఆమె కొంగులో పోసింది.

"మరి మేతో?" అంది కమరున్నీసా.

"పచ్చి రొయ్య చితక్కొట్టి, చిటికెన వేలి కొసన అద్ది చూపిస్తే ఎగిరి అందుకుంటుందండి."

"వేలు చూస్తే అడుక్కి పోతోందయ్యా. అన్నీ చేశాం."

ఏసోబు వల కింద పెట్టాడు. మళ్ళీ తీశాడు. వేసిన ముడే మళ్ళీ వేశాడు. హన్నమ్మ మొగుడి ముఖం చూసి చేట ఆపేసింది.

"ఇంకేదో ఉందిగా, చెప్పండి" అంది.

"ఏం లేదే."

"ఏం లేకపోతే చెవులు ఎర్రబడ్డాయెందుకూ?"

"నేను మాటిచ్చేను హన్నమ్మా, ఊరుకో."

కమరున్నీసా అరుగు అంచున కూలబడింది. "ఏ మాటో నాకు తెలీదు ఏసోబూ. నా కోడలికి ఏడో నెల. చేప తింటేనే తింటానని మొండికేసి కూర్చుంది. నిన్న లేచి నిలబడబోయి పడిపోయింది. దాన్ని రేపు పుట్టింటికి పంపాలి. నా కొడుక్కి ఏం మాటిచ్చావో దేవుడికి వదిలెయ్యి. ఆ చేప నోట మెతుకు ఎలా పెట్టాలో నాకు చెప్పు. నీకు దండం పెడతాను." ఆమె నిజంగానే చేతులు జోడించింది.

"విన్నారా? రెండు ప్రాణాలండి" అంది హన్నమ్మ. "మీరు చెప్తారా, చెప్పరా?"

ఏసోబు తల వంచుకునే చెప్పాడు. "గాజు చప్పుడు కావాలండి. దాన్ని పెంచిన మనిషి మేత పెట్టేటప్పుడు ఆమె చేతి గాజు సీసా అంచుకి తగిలి ఖణేల్మనేది. రోజూ అదే చప్పుడు, ఆ వెంటనే మేత. దానికి అదే అలవాటైపోయింది. ఆ చప్పుడు లేకపోతే ఎన్ని రొయ్యలు చూపించినా పైకి రాదండి. అందుకే ఆమె, ఓడ దగ్గరికొచ్చి, తన చేతి పచ్చరాతి గాజు తీసి సుభానికి ఇచ్చింది. ఓడ మీద నేను ఆ గాజే మోగించేవాణ్ణి. ఇప్పుడది సుభాని దగ్గరే ఉండుంటుందండి."

"ఆమె ఎవరు?" అని అడగాల్సింది కమరున్నీసా. అడగలేదు. ఎవరో అప్పటికే తెలిసిపోయింది. కొడుకు ఇంట్లో ఉన్నన్నాళ్ళూ 'చేపకి సిగ్గు, ఎవరూ చూడకూడదు' అని తలుపు మూసి మేత పెట్టడం గుర్తొచ్చింది. తలుపు వెనక గాజు మోగడం తను విన్నది. లోపల సాజిదా ఉందనుకుని, పడుచు మొగుడూ పెళ్ళాల సరసంలే అనుకుని, తనలో తను నవ్వుకుని పక్కకి తప్పుకుంది.

"పిల్లలా?" అంది.

"ఒక బాబండి. నడుస్తున్నాడు."

హన్నమ్మ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏసోబు మాట వెతుక్కుంటూ, "మంచి మనిషండి ఆమె. రేవులో ఓడ కదిలేదాకా నీళ్ళ సంగతి చెబుతూనే ఉంది..." అని, తను అంటున్నది ఎవరితోనో గుర్తొచ్చి ఆగిపోయాడు.

ఆ రంగూను పిల్ల పేరేమిటో అడగాలని కమరున్నీసా నోటిదాకా వచ్చింది. పేరు తెలిస్తే ఆమె ఇంట్లోకి వచ్చి కూర్చుంటుంది. అడక్కుండా లేచింది.

తిరుగు రైల్లో కొంగులోని ఎండుటాకులు ఊపిరి తీసినప్పుడల్లా గరగరమన్నాయి. వాటిని కిటికీలోంచి పారబోస్తే? సీసా కాలువలో బోర్లిస్తే? చేపతో పాటు ఈ సంగతీ పోతుంది. కానీ చేప పోతే సాజిదా ముద్ద ముట్టదు. కడుపులో ఉన్నదీ తన మనవడే. అక్కడ నడుస్తున్నవాడూ తన మనవడే. కొడుకు మీద కోపం రావాల్సిన చోట ఆమెకి భయం తప్ప ఏమీ రాలేదు. స్టేషన్లన్నీ ఎప్పుడు దాటాయో చూడలేదు.

ఏలూరు చేరేసరికి మధ్యాహ్నం తిరిగింది. సాజిదా గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. కమరున్నీసా ఆకులు మరిగించి, చల్లార్చి, సీసాలో నీళ్ళు టీ రంగుకి తిరిగేదాకా కొద్దికొద్దిగా పోసింది. అంతలో కొల్లేటి రొయ్యల గంప వీధిలోకి వచ్చింది. దోసెడు కొని, ఒకటి ఒలిచి చితక్కొట్టి పెట్టుకుంది. పొద్దు వాలే వేళకి చేపలో కదలిక వచ్చింది. రెక్కలు విప్పింది. సీసా చుట్టూ ఒకసారి తిరిగింది. వేలు చూపిస్తే మాత్రం మళ్ళీ అడుక్కి పోయి కూర్చుంది.

సీసాని వంటింట్లోకి తెచ్చి తలుపు దగ్గరగా వేసింది. గరిటెతో అంచు మీద కొట్టి చూసింది. లాభం లేదు. ఇత్తడి గ్లాసుతో కొట్టింది. లాభం లేదు. అప్పుడు వెళ్ళి రుమాలులోంచి కోడలి ఎర్ర గాజు ఒకటి తెచ్చింది. వేళ్ళతో పట్టుకుని మోగిస్తే చేప తల ఎత్తింది! కానీ మేత పెట్టాల్సిన వేలికి గాజు అడ్డం, ఎడం చేత్తో మోగిద్దామంటే సీసా అటూ ఇటూ ఊగిపోతోంది, పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు. చేప సగం దాకా వచ్చి వెనక్కి పోయింది. మళ్ళీ సగం దాకా వచ్చింది. మళ్ళీ పోయింది.

భర్త పోయిన నాడు ఆమె చేతి గాజులు తీసేశారు. ఆ తర్వాత ఆమె మణికట్టుకి ఏదీ తగల్లేదు, పండగనాడు కూడా. ఎవరైనా చూస్తే ఏమంటారు? బాషా పొద్దున్నే వచ్చేస్తాడు. కమరున్నీసా వేళ్ళు ముడుచుకుని, కొబ్బరినూనె రాసుకుని, ఆ చిన్న గాజుని చెయ్యి ఎర్రబడేలా మణికట్టుకి ఎక్కించింది. ఎడం చేత్తో సీసా అదిమిపట్టి, కుడి చేతి చిటికెన వేలి మీద రొయ్య ముక్క అద్ది, నీళ్ళ మీదకి చెయ్యి తెచ్చింది. గాజు అంచుకి తగిలి ఖణేల్మంది.

చేప బాణంలా లేచి వచ్చి వేలి కొసని కొరికినంత పని చేసింది. ముక్క పోయింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ పోయింది. కమరున్నీసా ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియలేదు. "తిను నాయనా, తిను, తిను" అంటూ గాజు మోగిస్తూనే ఉంది.

"అత్తమ్మా."

తలుపు దగ్గర సాజిదా నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచో! ఆమె చూపు చేప మీద లేదు, అత్తగారి మణికట్టు మీద ఉంది.

"తింటోందమ్మా! చూడు! నీళ్ళదే తప్పు, బాదం ఆకులు..." అంటూ కమరున్నీసా చెయ్యి కొంగు కిందకి దాచుకుంది.

"చూశానండి. అన్నం పెట్టండి" అంది సాజిదా.

అంతకన్నా తియ్యని మాట ఆ ముసలామె జన్మలో వినలేదు. పప్పూ అన్నం వడ్డించింది. సాజిదా పీట మీద కూర్చుని కంచం ఖాళీ చేసింది. మళ్ళీ పెట్టించుకుంది. చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, అప్పుడు అడిగింది.

"ఆవిడ పేరేంటండి?"

కమరున్నీసా కంచం తీయబోయి ఆగింది. "ఎవరి పేరు?"

"తలుపు వెనక గాజు మోగడం నేనూ విన్నానండి. నేను దొడ్లో ఉన్నాను. మీకు గాజుల్లేవు. ఆయన తలుపు తీసుకుని వచ్చేసరికి చేప కడుపు నిండి తిరుగుతోంది. ఆయన చొక్కా జేబు బరువుగా ఉంది." సాజిదా గొంతు ఎంత నెమ్మదిగా ఉందంటే, బయట వెంకటనరసమ్మ చీపురు చప్పుడు వినిపిస్తోంది. "నా చేతుల నిండా గాజులేగా. ఒక్కసారి మోగించి చూస్తే, దీన్ని పెంచింది ఓ ఆడమనిషేనని తెలిసిపోయేది. భయమేసి తీసి పెట్టెలో పెట్టేశాను. ఇది తినాలని కాదండి నేను ఇన్నాళ్ళూ చూసింది. ఏం పెట్టినా తినేస్తే బాగుండును, గాజు అక్కర్లేకుండా తినేస్తే బాగుండును అని. మీరు మోగించారు."

"నీ కోసమేనమ్మా. నువ్వు చచ్చిపోతావేమోనని..."

"తెలుసండి. ఆవిడ పేరు?"

"అడగలేదు."

"నేనైతే ముందు అదే అడిగేదాన్ని" అంది సాజిదా. మళ్ళీ తనే, "పిల్లలున్నారా?" అంది.

కమరున్నీసా అబద్ధం చెప్పాలనుకుంది. నోరు తెరిచింది. చెప్పలేకపోయింది. ఆ తెరిచిన నోరే సమాధానమైంది.

సాజిదా అరవలేదు, ఏడవలేదు. దగ్గరికి వచ్చి, అత్తగారి చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని, నూనె రాసి, వాచిన వేళ్ళ మీదుగా గాజుని మెల్లగా బయటికి తీసింది. "నొప్పిగా ఉందాండి?" అని అడిగింది. కమరున్నీసాకి ఆ ప్రశ్నతో దుఃఖం ముంచుకొచ్చింది. కొడుకుని తిట్టమంది. తనని తిట్టమంది. పోనీ గోడకేసి ఏదైనా పగలగొట్టమంది. సాజిదా ఏదీ చెయ్యలేదు.

పొద్దున బాషా వచ్చాడు. చెల్లెలు మరో రెండు ముద్దలు తిని బయలుదేరడం చూసి, "బాగానే చూసుకున్నారండీ అత్తగారూ, చిక్కినా ముఖం కళగా ఉంది" అన్నాడు. కొల్లేటికోట దగ్గర ఆగి, సాయంత్రానికి ఆకివీడు చేరతామన్నాడు. కమరున్నీసా కాలువ గట్టుదాకా వెళ్ళింది. వానాకాలపు నీళ్ళు గట్టు అంచు తాకుతున్నాయి. కోడలి చెయ్యి వదలకుండా, నలుగురూ వింటున్నారన్న సిగ్గు కూడా లేకుండా, "కాన్పు కాగానే వచ్చేస్తావుగా? వాడు రానీ, నేను కడిగేస్తాను. నువ్వు మాత్రం వచ్చెయ్యి. నా మనవణ్ణి తీసుకుని వచ్చెయ్యి" అంది.

"చేపకి వేళకి మేత పెట్టండి అత్తమ్మా. దాని తప్పేం లేదు" అంది సాజిదా. వంగి అత్తగారి చేతులు కళ్ళకద్దుకుని పడవలోకి దిగింది. బాషా గెడ వేశాడు.

సుభాని మరుసటి ఎండాకాలం రంగూను నుంచి తిరిగి వచ్చాడు. సాజిదా తిరిగి రాలేదు. 1936 ఆగస్టులో, గురువారం పొద్దున, ఆ పడవ ఎక్కిన మనిషి ఏలూరులోని ఆ ఇంట్లో మళ్ళీ ఎన్నడూ అడుగుపెట్టలేదు.